లోపలివైపు ప్యాడ్

సిద్దిపేటలో కరీంనగర్ రోడ్డు మీదున్న ఒక కార్ల షెడ్డులో నా ఉద్యోగమంతా గడిచింది. హెల్పర్‌గా చేరి హెడ్ మెకానిక్‌గా దిగిపోయాను. ఇప్పుడు ఇంట్లో కూర్చున్నానన్న మాటేగానీ, గల్లీలో ఏ కారు బ్రేకు వేసినా నా చెవి అటే పోతుంది. ఈ పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్లు అప్పుడప్పుడు వచ్చి, "పెద్దనాయినా, నువ్వు చేసిన అన్నిట్ల పెద్ద రిపేరేంది?" అని అడుగుతుంటారు. ఇంజను మొత్తం దింపి ఎక్కించిన కథేదో చెబుతానని వాళ్ల ఆశ. నేను బ్రేకు ప్యాడ్ల సంగతి ఎత్తగానే వాళ్ల మొహాలు చూడాలి! అదీ ఒక పనేనా అన్నట్టు ఒకరినొకరు చూసుకుంటారు. అందుకే ఈసారి కాగితం మీద చెబుతున్నాను. కాగితం మీదైతే మధ్యలో ఫోను మోగిందని లేచిపోయినా నాకు కనపడదు.

పని తెలియని వాళ్ల కోసం ఒక్క ముక్క. కారు ముందు చక్రంతో పాటు ఒక ఇనుప పళ్లెం తిరుగుతుంటుంది. బ్రేకు తొక్కితే రెండు ప్యాడ్లు ఆ పళ్లేన్ని రెండు పక్కల నుంచి గట్టిగా పట్టుకుంటాయి, బండి ఆగుతుంది. పట్టుకున్న ప్రతిసారీ ప్యాడ్ కొంచెం అరుగుతుంది. బయటివైపు ప్యాడ్ చక్రం సందుల్లోంచి టార్చి వేస్తే కనపడుతుంది. లోపలిది కనపడదు, చక్రం విప్పాల్సిందే. అంతే, ఇంతకంటే విసిగించను.

సర్వీసుకు వచ్చిన బండికి ఎలాగూ చక్రాలు విప్పుతాం. నా గొడవంతా సర్వీసుకూ సర్వీసుకూ నడుమ సంగతి. ఇంట్లో వాడుకునే కారు ఏడాదికి తిరిగే దూరం, కిరాయి కారు రెండు నెలల్లో తిరిగి పారేస్తుంది. పొద్దున హైదరాబాద్, మధ్యాహ్నం హుస్నాబాద్, సాయంత్రం పెళ్లివాళ్లతో వేములవాడ. ప్యాడ్లకు క్యాలెండర్ తెలియదు కదా! అందుకని మా షెడ్డులో నేనొక పద్ధతి పెట్టాను. పంక్చరుకే రానీ, గాలి కొట్టడానికే రానీ, కిరాయి బండి వచ్చిందంటే ప్యాడ్లు చూడందే పంపేది లేదు. అనుమానం వస్తే చక్రం విప్పాలి. ఈ పనికి డబ్బులు తీసుకోం.

డబ్బులు తీసుకోం అనేసరికి మా సేటు మొహం మాడిపోయింది. "నీ కడుపు సల్లగుండ, షెడ్డును ధర్మాసుపత్రి చేస్తివి గదనే" అన్నాడు. నాతో సమానంగా పనిచేసే ఇంకో సీనియర్ మెకానిక్ ఉండేవాడు. చేయి మంచిది, నోరు ఇంకా మంచిది. బండి లోపలికి రాగానే "ఆ, నోరు తెరువు, పండ్ల డాక్టరొచ్చిండు!" అని అరిచేవాడు. నేను టార్చి పట్టుకుని చక్రం ముందు కూర్చుంటే, "ఏ పన్ను పీకుతున్నవ్?" అని అడిగేవాడు. డ్రైవర్లంతా పడీపడీ నవ్వేవాళ్లు. నాకు ముక్కు మీద కోపం. అయినా ఆ ఒక్క విషయంలో ఎవరెంత నవ్వినా నేను వెనక్కి తగ్గలేదు.

నవ్వేవాళ్లలో మొదటి మనిషి మా బావ. మా అక్క భర్త. టాక్సీ స్టాండులో సొంత కారు నడిపేవాడు. ఆయన కారులో కూర్చోవాలంటే చెప్పులు దులుపుకోవాలి, అంత శుభ్రం. శనివారం శనివారం కడిగి, బొట్లు పెట్టి, నిమ్మకాయ కట్టి, అగరొత్తి తిప్పేవాడు. టైర్లలో గాలి, రేడియేటర్‌లో నీళ్లు, ఇంజను ఆయిలు అన్నీ సొంతంగా చూసుకునేవాడు. తన బండికి బామ్మర్ది టార్చి వేయడమంటే ఆయనకు నామోషీ.

"నా బండిని నేను సూసుకోనారా? నువ్వు పోయి ఆ గాలి తిరుగుడు పోరల బండ్లు సూడుపో."

ఆ స్టాండులో ఒక అలవాటుంది. పక్కనున్న చాయ్ హోటల్ గూట్లో బ్రేకు ఆయిలు సీసా ఒకటి ఎప్పుడూ ఉండేది. అందరిదీ. ఎవరి బండిలో బ్రేకు ఎర్ర లైటు వెలిగితే వాళ్లు ఆ సీసా తీసుకుని డబ్బాలో గీత దాకా పోసుకుంటారు. లైటు ఆరిపోతుంది. సీసా అయిపోతే ఎవరో ఒకరు కొత్తది తెచ్చి పెడతారు. తంబాకు డబ్బీ చేతులు మారినట్టు మారేది ఆ సీసా. అందులో వాళ్లకు మంచితనమే కనిపించింది. వద్దని నేను చెప్పి చెప్పి నోరు నొప్పి పెట్టింది. "ఆయిలు తక్కువైతే పొయ్యొద్దంటవేందిరా, పిచ్చిగిట్ల లేసిందా?" అన్నారు.

ఇక ఆ రోజు సంగతి. పెళ్లిళ్ల సీజన్. స్టాండులో ఒక్క కారు మిగలకుండా అన్నీ ముహూర్తాలకు పోయాయి. పొద్దున్నే షెడ్డు తీసి ఇంకా చాయ్ తాగలేదు, బావ కారు వచ్చింది. కారులో మద్దూరు దిక్కు పల్లెవాళ్లు. ఒకాయన దుబాయి పోతున్నాడు. దించి రావడానికి ఆయన తల్లి, భార్య, చిన్న కూతురు వెంట వచ్చారు. ఆ వీసా మీద దుబాయిలో అడుగుపెట్టడానికి అదే ఆఖరు రోజట. ఆ విమానం అందకపోతే ఉద్యోగం లేనట్టే. ఏజెంటు చుట్టూ తిరిగి తిరిగి సాధించుకున్న వీసా అని ఆయన దిగీదిగగానే నాకే చెప్పాడు, నేనేదో అడిగినట్టు. మనిషి అంత ఆత్రంగా ఉన్నాడు.

"ముంగటి చక్రంల గాలి తక్కువున్నది, కొట్టురా. ఆలోపు వీళ్లు చాయ్ తాగుతరు" అన్నాడు బావ.

బండి ఆగేటప్పుడు ఎడమవైపు ముందు చక్రంలోంచి 'గర్ర్' మని ఒక చిన్న చప్పుడు వచ్చింది. కంకర మీద ఇనుప బుట్ట లాగితే వస్తుందే, అట్లాంటిది. వాళ్లు పక్క హోటలుకు పోయారు. నేను బానెట్ ఎత్తాను. బ్రేకు ఆయిలు డబ్బా పై గీత దాకా నిండుగా ఉంది. అది చూసే భయపడ్డాను.

నిండుగా ఉంటే భయం దేనికి అంటారా? బ్రేకు ఆయిలు పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. ప్యాడ్ అరిగిన కొద్దీ దాని వెనక ఏర్పడే ఖాళీలోకి ఆయిలు దిగుతుంది, డబ్బాలో మట్టం తగ్గుతుంది. తగ్గితే లైటు వెలుగుతుంది. అంతలా తిరిగిన బండిలో ఆయిలు కిందికి ఉండాలి. నిండుగా ఉందంటే ఎవరో పోసుకుంటూ వచ్చారు.

"బావా, దీంట్ల ఆయిలు ఎవరు పోసిన్రు?"

"నేనే. మొన్న లైటు వెలిగె, పోసిన, ఆరింది. గంతే."

"అంతకుముందు?"

"గప్పుడు గూడ పోసిన. నా బండికి నేను తక్కువ చేస్తనారా?" అని ఛాతీ విరుచుకున్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్లల్లో ఉన్న గర్వం ఇప్పటికీ నాకు కనపడుతుంది.

కింద పడుకుని చూశాను. ఎక్కడా కారిన తడి లేదు. కారలేదంటే పోసిందంతా ప్యాడ్ల వెనక్కే పోయింది. "బావా, చక్రం ఇప్పాలె" అన్నాను.

"ఏయ్, నీ పండ్ల డాక్టరు యేషాలు ఇయ్యాల నాకాడ ఎయ్యకు. ఫ్లైటుకు పోతున్న. పోయిన వారమే మీవాడే టార్చేసి సూసిండు, దండిగున్నయన్నడు. అడుగు."

అడిగితే మా సీనియర్ అవునన్నాడు. "సందులకెల్లి సూసిన. కొత్త ప్యాడ్ లెక్క ఉన్నది. తోలెయ్యి."

ఇద్దరూ ఒక మాట మీద ఉన్నారు. గాలి కొడతాననుకుని బావ కూడా చాయ్‌కు పోయాడు. వాదిస్తే ఒప్పుకోరని తెలుసు. జాకీ పెట్టి, గాలి కొట్టే పైపు అందుకోబోతున్నట్టే వంగి, బోల్టులు విప్పి చక్రం ఊడదీశాను. మూడు చక్రాల మీద కారు ఎటు పోతుంది?

వాళ్లతో హోటల్లోంచి వచ్చిన బావ ఊడి పడున్న చక్రం చూసి కేకేశాడు. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆ రోజు చూశాను. "కస్టమర్ల ముంగట నా ఇజ్జత్ తీస్తున్నవురా! ఎక్కియ్యి! ఎక్కియ్యకుంటే ఇయ్యాల్టి సంది నీ ఇంటి గడప తొక్క. మీ అక్కను గూడ తొక్కనియ్య."

"తొక్కకు. ముందు బతికుంటే గదా తొక్కుడు."

ఆ మాట అనకూడదు. శుభమా అని ప్రయాణమై వచ్చినవాళ్ల ముందు అసలే అనకూడదు. దుబాయి పోయే ఆయన నా కాలరు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. "ఓ పెద్దమనిషీ, నా ఫ్లైటు పోతే నువ్విస్తవా వీసా? నువ్వు పెడతవా నా పోరికి బువ్వ?" అన్నాడు. వాళ్ల అమ్మ చేతులు జోడించింది. "నీ కాల్మొక్త బిడ్డా, మమ్ముల పంపియ్యి. మా వాని బతుకు ఆగం జెయ్యకు."

నిజం చెబుతున్నాను, భయమేసింది. చప్పుడు నా భ్రమే అయితే? ఆయన ఉద్యోగం నా మొండితనం వల్ల పోతే నేనేం సమాధానం చెప్పాలి? అయినా స్పానర్ కింద పెట్టలేదు. "అవ్వా, నీ కొడుకు పోతడు. నేను పంపిస్త. జెర ఆగు" అన్నాను.

బయటివైపు ప్యాడ్ ఎదురుగా కనపడుతోంది. దండిగా ఉంది. మా సీనియర్ అబద్ధం చెప్పలేదు. బావ నడుం మీద చేతులు పెట్టుకుని అందర్నీ చూశాడు. "సూసిన్రా? సూసిన్రా వీని మొండి? ఎట్లున్నది ప్యాడ్? బెల్లం గడ్డ లెక్క లేదా?"

ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ బోల్టులు విప్పి లేపాను. లోపలివైపు ప్యాడ్ చేతిలోకి వచ్చింది. దాని మీద అరగాల్సిన మందం ఏమీ మిగల్లేదు. వెనకుండే ఇనుప రేకు మాత్రమే ఉంది. ఆ రేకు ఇనుప పళ్లెం మీద రుద్దుకుని వేలికి తగిలేంత గాడి పడింది. లోపల జరగాల్సిన పిన్ను తుప్పుతో బిగుసుకుపోయింది. దాంతో నొక్కుడు భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడి, బయటిది కులాసాగా కూర్చుంది.

ప్యాడ్ బావ చేతిలో పెట్టాను. ఆయన తిప్పి తిప్పి చూశాడు. మా సీనియర్ దగ్గరికొచ్చి ఒక్క చూపు చూసి, జోకేమీ వేయకుండా రెండో జాకీ తెచ్చి కుడివైపు చక్రం కింద పెట్టాడు. దోస్తీ అంటే నాకు అది.

ఇప్పుడు అసలు చిక్కు. స్టాండులో ఇంకో కారు లేదని బావ ఫోన్ల మీద ఫోన్లు చేసి తేల్చాడు. స్పేర్ పార్టుల దుకాణాలు తీయడానికి ఇంకా చాలా టైముంది. ప్యాడ్లు ఒక్కటే కాదు, పళ్లేలు కూడా మార్చాలి. మా షెడ్డు వెనక అదే మోడల్ కారు ఒకటి సొట్టలు తీసే డెంటింగ్‌కు వచ్చి ఉంది. ముందు భాగమంతా విప్పి పెట్టాం, అది రోడ్డెక్కదు. కానీ దాని ప్యాడ్లూ పళ్లేలూ ఈ మధ్యే నా చేత్తోనే మార్చాను. హుస్నాబాద్‌లో పనిచేసే ఒక టీచరమ్మది ఆ కారు. సేటు ఇంకా రాలేదు. వస్తే ఒప్పుకోడు. నేరుగా ఆమెకే ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

ఆమె "మా నాయిన గూడ గల్ఫ్‌లనే చేసిండన్నా. తీస్కోండ్రి. నా బండి ఎట్లాగూ లేవదు గదా, తర్వాత కొత్తయి ఎయ్యిండ్రి" అంది. ఆ తల్లి కాళ్లకు అక్కడి నుంచే దండం పెట్టాలనిపించింది.

ఇక మా సీనియరూ నేనూ పనిలో పడ్డాం. ఆయన కుడివైపు, నేను ఎడమవైపు. పిన్నుకు తుప్పు గీకి గ్రీజు పెట్టాను. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి అవి పట్టాలంటే నొక్కే పిస్టన్‌ను వెనక్కి తోయాలి. తోసే ముందు బావను పిలిచాను. "ఆ ఆయిలు డబ్బా మూత తీసి సూడు బావా. కండ్లార్పకు."

పిస్టన్ వెనక్కి పోతుంటే డబ్బాలో ఆయిలు పైకి వచ్చింది. గీత దాటింది. అంచు దాటింది. పొంగి కింద పరిచిన గుడ్డ మీద పడింది. ఆయన లైటు వెలిగినప్పుడల్లా పోసిందంతా అట్లా తిరిగి వచ్చేసింది. బావ మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేనూ ఏమీ అనలేదు. అప్పటికే అనకూడనిది ఒకటి అనేశాను.

పెడలు నొక్కి, షెడ్డు ముందు ఒక రౌండ్ తిప్పి, రెండుసార్లు గట్టిగా బ్రేకు వేసి చూశాను. "కొత్త ప్యాడ్లు, జెర పైలంగ తోలు, ముందు బండికి దూరం ఉండు" అని తాళం బావకిచ్చాను. ఆయన తీసుకున్నాడుగానీ నా మొహం చూడలేదు. దుబాయి పోయే ఆయన చూశాడు. "ఫ్లైటు అందకపోయిందనుకో, వాపసొచ్చి నీ షెడ్డు ముంగటనే కూసుంట, యాదికుంచుకో" అన్నాడు. కూర్చున్నా తప్పులేదనుకున్నాను.

సేటు వచ్చి టీచరమ్మ కారు ముందు చక్రాలు లేకుండా ఉండడం చూసి ఎత్తుకున్నాడు. ఆయన తిట్లు ఒక చెవిలో పడుతున్నాయి, నా ధ్యాసంతా ఫోను మీద. శామీర్‌పేట దాటి ఉంటారా, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారా అని ఒకటే ఆలోచన. మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది. బావ కాదు, అక్క.

"మీ బావ ఫోన్ చేసిండురా. ఆ దుబాయి పోయేటాయన ఎయిర్‌పోర్టు లోపటికి పోయిండంట. నీకు చెప్పుమన్నడు. నీతోని మాత్రం మాట్లాడడంట."

నేను షెడ్డు వెనక్కి పోయి ఒక టైరు మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. ఎవరూ చూడలేదనుకున్నా. మా సీనియర్ చూశాడు, ఆ రోజు మాత్రం చాయ్ గ్లాసు పక్కన పెట్టి పోయాడు.

మీరు ఇక్కడ ఏదైనా జరగాలని చూస్తుంటారు. దారిలో బర్రె అడ్డమొచ్చిందనీ, బావ బ్రేకు కొట్టి అందర్నీ కాపాడాడనీ. ఏమీ జరగలేదు. పోయారు, వచ్చారు. మన పని బాగా జరిగిన రోజు రోడ్డు మీద ఏమీ జరగదు. ఎవరూ వచ్చి దండ వేయరు. ఇది ముందే తెలుసుకుని ఈ పనిలోకి రండి, లేకపోతే రెండో ఏడే విసుగొస్తుంది.

పొద్దు గూకే వేళకు బావ మా ఇంటికి వచ్చాడు. తొక్కనన్న గడప దాటుకునే వచ్చాడు, నేను ఆ సంగతి ఎత్తలేదు. మంచినీళ్లు తాగి చాలాసేపు గ్లాసు చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు.

"వాపసొచ్చేటప్పుడు ఆ పోరి ముంగట సీట్ల కూసుంటనన్నదిరా. వాళ్ల నాయిన కోసం ఏడ్సి ఏడ్సి నా బుజం మీద తలకాయ పెట్టి పండుకున్నది. సిద్దిపేట దాక అట్లనే తోలిన. ఆ ముసలవ్వేమో, 'బిడ్డా, మా వాన్ని మంచిగ దింపినవు, తిరిగొచ్చేనాడు గూడ నువ్వే తోలుకరావాలె, ఇంకోని బండి ఎక్కనియ్య' అన్నది. సరే అవ్వా అన్న." గ్లాసు కింద పెట్టాడు. "బండి నాకు చెప్పవట్టె, నేను దాని నోరు మూయవడితినిరా."

మా బావ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకు ఓదార్చడం చేతకాదు. "నెలకోసారి తీసుకరా. రెండు చక్రాలు ఇప్పి రెండు దిక్కులా సూద్దం" అన్నాను. తల ఊపాడు. ఆ తర్వాత ఏ నెలా తప్పలేదు. స్టాండులో మిగతా వాళ్లను కూడా తిట్టి తిట్టి తీసుకొచ్చేవాడు. ఈ పిచ్చి నాకంటే ఆయనకే ఎక్కువ పట్టుకుంది. సేటు ఇక నన్నేమీ అనలేకపోయాడు.

నేను రిటైరవడానికి కొంచెం ముందు, ఒక పొద్దున బావ కారు షెడ్డులో జాకీల మీద ఉంది. ముందు చక్రాలు రెండూ విప్పి చూస్తున్నాం. ఆయన ఫోను మోగింది. చేతులకు గ్రీజు ఉండడంతో స్పీకర్ పెట్టాడు.

"అన్నా, నేను దుబాయి నుంచి వాపసొచ్చి దిగిన. ఏడున్నవ్? ఎయిర్‌పోర్టు బయట నిలబడ్డ."

"సిద్దిపేటలనే ఉన్న. చక్రాలు ఇప్పినం."

"ఇంకా సిద్దిపేటలనే ఉన్నవా! టైం చెప్పిన గదనే!"

"చెప్పినవు. నిలబడు. మీ అవ్వకు మాటిచ్చిన, ఇవి సూసినంకనే ఎల్త."

అవతల వచ్చేపోయే వాళ్ల సామాన్ల బండ్ల మోత వినపడుతోంది. తిడతాడేమోనని నేను స్పానర్ ఆపి చూస్తున్నాను.

"ఆ పెద్దమనిషి ఉన్నడా గాడ?" అన్నాడు చివరికి.

"ఉన్నడు, పక్కకే ఉన్నడు."

"ఎనక చక్రాలు గూడ ఇప్పుమను."

విప్పాను.